లినక్స్ అప్‌డేట్: గంటల్లో వేయాల్సినవేవి, నెలలు ఆగాల్సినవేవి?

2002 నవంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల సదస్సు జరిగింది. దాని పేరు లీసా. స్టీవ్ బీటీ, క్రిస్పిన్ కోవన్, ఆడమ్ షోస్టాక్ తదితరులు, మొత్తం ఆరుగురు, అక్కడ ఒక పరిశోధన పత్రం సమర్పించారు. వాళ్లు పట్టుకున్న ప్రశ్న చాలా సూటిది. భద్రతా ప్యాచ్ విడుదలైన ఎన్నో రోజున వేసుకుంటే నష్టం తక్కువ? మొదటి రోజే వేస్తే ప్యాచ్‌లోనే తప్పు ఉండి సిస్టమ్ పడిపోవచ్చు. ఆలస్యం చేస్తే ఈలోగా ఎవడో దూరిపోవచ్చు. రోజులు గడిచేకొద్దీ మొదటి ప్రమాదం తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. అప్పటి లోపాల చరిత్రంతా ముందేసుకుని వాళ్లు తేల్చిన జవాబు: 10వ రోజు, లేదంటే 30వ రోజు.

లెక్క వేసిన పద్ధతిలో ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. జవాబు మాత్రం చెల్లదు. ఆ రెండు ప్రమాదాల్లో ఒకటి ఈ ఇరవై ఏళ్లలో చాలా ముందుకు జరిగిపోయింది.

నిజంగా జరిగిన దాడులను పరిశీలించే మాండియంట్ సంస్థ ఒక లెక్క వేస్తూ వస్తోంది. ప్యాచ్ విడుదలకూ, ఆ లోపాన్ని వాడుకుని జరిగిన తొలి దాడికీ మధ్య సగటున ఎంత వ్యవధి ఉందన్నది ఆ లెక్క. 2018–19లో అది 63 రోజులు. తర్వాత 44కు, ఆపైన 32కు పడిపోయింది. 2023లో 5 రోజులు. ఇవి ఒక్క లినక్స్‌వే కావు, అన్ని రకాల సాఫ్ట్‌వేర్‌కూ కలిపి తీసిన అంకెలు. అయినా గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి చాలు.

2023 లెక్కను ఇంకొంచెం విప్పి చూడాలి. ఆ ఏడాది దాడులకు వాడినట్టు మాండియంట్ గుర్తించిన లోపాలు 138. వాటిలో 97 ప్యాచ్ రాకముందే వాడేసినవి. ఆ తొలి దెబ్బను ఎంత జాగ్రత్తగా అప్‌డేట్ చేసేవాళ్లూ తప్పించుకోలేరు. మిగిలిన 41 మన చేతిలో ఉన్నవి. వాటిలో 5 లోపాలపై ప్యాచ్ వచ్చిన ఒక్క రోజులోనే దాడి జరిగింది. వారం తిరిగేసరికి 12, నెల తిరిగేసరికి 23. అంటే 2002 నాటి సలహా పాటించి 30వ రోజు దాకా ఆగేసరికి ఆ 41లో సగానికి పైగా లోపాలు అప్పటికే ప్రయోగానికి వచ్చేశాయి.

రెండో వైపు అంకె కూడా చెప్పాలి, లేకపోతే భయపెట్టినట్టే అవుతుంది. 2024లో నమోదైన కొత్త భద్రతా లోపాలు, అంటే సీవీఈ నంబరు పొందినవి, దాదాపు 40,000. ఇలా నమోదైన వాటిలో నిజంగా దాడులకు వాడేవి నూటికి ఆరుకు అటూ ఇటూగా ఉంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతా 94 కాగితం మీదే ఉండిపోతాయి. అలాంటప్పుడు అన్నీ ఎందుకు వేయాలని అడగవచ్చు. ఏ ఆరో ముందుగా తెలియదు కాబట్టి. పెద్ద సంస్థల్లో ఆ ఆరింటిని ఏరడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్, ఆఫీసులో నాలుగు సర్వర్లు ఉన్నవాళ్లకు ఏరుతూ కూర్చోవడం కన్నా అన్నీ వేసుకోవడమే చౌక. పైగా 2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నల్ బృందం తన లోపాలకు తానే సీవీఈ నంబర్లు ఇస్తోంది. చిన్న సవరణకు కూడా నంబరు పడుతుండటంతో ఒక్క కెర్నల్‌కే ఏడాదికి వేలల్లో వస్తున్నాయి. ఆ జాబితా చూసి లినక్స్ చెడిపోయిందనుకోనక్కర్లేదు, అందులో ఒక్కొక్కటీ చదవనూ అక్కర్లేదు.

మూడో రోజే వచ్చారు

2017 మార్చి 7న అపాచీ స్ట్రట్స్ అనే ఓపెన్ సోర్స్ వెబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. సవరణ కూడా అదే రోజు వచ్చింది. అమెరికా క్రెడిట్ సంస్థ ఎక్విఫాక్స్‌లో మార్చి 9నే ఈమెయిల్ తిరిగింది, 48 గంటల్లో ప్యాచ్ వేయాలని. మార్చి 10న, అంటే మూడో రోజుకే, గుర్తు తెలియని వ్యక్తులు ఆ సంస్థ సర్వర్లను తడిమి చూసి, ఒకదానిలో లోపం అలాగే ఉందని కనిపెట్టారు. మార్చి 15న సంస్థ తన సర్వర్లను స్కాన్ చేసుకుంది. ఆ స్కాన్‌కు ఏమీ దొరకలేదు. మే 13న దోపిడీ మొదలైంది. జులై 29 దాకా సంస్థకు సంగతి తెలియలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

ఈ కథను అందరూ ఆలస్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. అక్కడి నియమం 48 గంటలు, అది మంచి నియమమే. మే 13 నాటికి సవరణ వచ్చి 67 రోజులైనా ఆ ఒక్క సర్వర్‌కు అది చేరలేదు. ఎంత తరచుగా అప్‌డేట్ చేయాలని రాసుకున్నామో అది ఒక అంకె. నిజంగా యంత్రానికి చేరిందా అన్నది ఇంకో అంకె. చాలామంది మొదటి దాని గురించే వాదించుకుంటారు.

అలవాటుగా అప్‌డేట్ చేసుకునేవాళ్లకు తెలియకుండానే మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో మాక్స్ కెలర్‌మన్ అనే ప్రోగ్రామర్, తమ సర్వర్లలోని లాగ్ ఫైళ్లు ఎందుకు పాడవుతున్నాయో వెతుకుతూ కెర్నల్‌లో పెద్ద లోపాన్ని పట్టుకున్నాడు. దానికి డర్టీ పైప్ అని పేరు పెట్టారు. కెర్నల్ 5.8 సంచిక నుంచి ఉన్న ఆ లోపంతో యంత్రంలో మామూలు ఖాతా ఉన్నవాడు కూడా రూట్ అధికారం తెచ్చుకోవచ్చు. సవరించిన కెర్నళ్లు ఫిబ్రవరి 23న వచ్చాయి. లోపం వివరాలు లోకానికి మార్చి 7న చెప్పారు. మధ్యలో 12 రోజులు. కొత్త కెర్నల్‌ను వెంటవెంటనే అందించే ఆర్చ్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీలను వారానికోసారి అప్‌డేట్ చేసి రీబూట్ చేసేవాళ్లు ఆ పేరు వినకముందే బయటపడ్డారు. వార్త చదివాక అప్‌డేట్ చేద్దామనుకునేవాళ్లకు ఈ 12 రోజులు ఎప్పటికీ దొరకవు.

“నా సర్వర్ ఐదేళ్లుగా కదిలించలేదు, రాయిలా ఉంది” అనేవాళ్లు మన ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ల కోసం రెండు తేదీలు. సుడో ప్రోగ్రామ్‌లో 2021 జనవరిలో బయటపడ్డ లోపం 2011 జులై నుంచీ అక్కడే ఉంది. పీకెఎక్సెక్‌లో 2022 జనవరిలో బయటపడ్డది 2009 మే నుంచీ ఉంది. పాతబడితే లోపం పోదు. అది ఎవరి కంటా పడలేదని మాత్రమే అర్థం.

అప్‌డేటే దెబ్బ కొట్టినప్పుడు

ఇక్కడితో ఆపితే సలహా తేలిక: రోజూ అన్నీ వేసెయ్యండి. కానీ 2002 నాటి ఆరుగురు గీసిన మొదటి గీత, అంటే ప్యాచ్ వల్లే వచ్చే నష్టం, మాయమైపోలేదు.

2023 మార్చి 8న సర్వర్ల పర్యవేక్షణ సేవలందించే డేటాడాగ్ సంస్థ కుప్పకూలింది. అంతర్జాతీయ సమయం ప్రకారం ఉదయం 6.03కు, మనకు 11.33కు మొదలైంది. ఉబుంటు 22.04 మీద నడుస్తున్న వాళ్ల యంత్రాల్లో, సేవలన్నిటినీ నడిపే సిస్టమ్‌డికి భద్రతా అప్‌డేట్ ఒకటి ఆటోమేటిక్‌గా పడింది. ఆ అప్‌డేట్ నెట్‌వర్క్ చూసుకునే ఉపసేవను రీస్టార్ట్ చేసింది. అది లేస్తూనే తనకు తెలియని నెట్‌వర్క్ రూట్లన్నీ చెరిపేసింది. కంటైనర్ల నెట్‌వర్క్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న రూట్లు అవి. దాంతో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోయాయి. మూడు వేర్వేరు క్లౌడ్ కంపెనీల్లో, ఐదు ప్రాంతాల్లో, పదివేల సంఖ్యలో యంత్రాలు ఒకే గంటలో పోయాయి. సేవలు పూర్తిగా కోలుకోవడానికి ఒక రోజుకు పైగా పట్టింది.

అన్నీ ఒకే గంటలో ఎందుకు పోయాయన్నదే ఇందులో నేర్చుకోవాల్సిన పాఠం. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ చేసే టైమర్ ముందుగానే ఉదయం 6 గంటలకు పెట్టి ఉంటుంది. ఆ తర్వాత 60 నిమిషాల లోపు ఏదో ఒక క్షణంలో అది నడుస్తుంది. యంత్రాల గడియారాలన్నీ అంతర్జాతీయ సమయంలో ఉంటే, భూమ్మీద ఎక్కడున్నా అన్నీ 6 నుంచి 7 మధ్యే అప్‌డేట్ అవుతాయి. క్లౌడ్‌లు వేరైనా, ప్రాంతాలు వేరైనా గంట ఒక్కటే. హైదరాబాద్, విశాఖ ఆఫీసుల నుంచి సర్వర్లు చూసుకునేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ సమయంలో 6 అంటే మనకు పగలు పదకొండున్నర. మన వినియోగదారులు నిండుగా ఉండే వేళ. టైమర్‌ను మార్చుకోవడం రెండు లైన్ల పని. అన్ని సర్వర్లకూ ఒకే వేళ కాకుండా విడివిడిగా పెట్టుకోవడం ఇంకో రెండు లైన్లు.

అదే ఏడాది డిసెంబరులో డెబియన్‌కు ఎదురైంది ఇంకా ఇబ్బందికరమైనది. సేవ ఆగిపోతే మళ్లీ లేపుకోవచ్చు. ఫైళ్లే పాడైతే? డెబియన్ 12.3లో చేరిన 6.1.64 కెర్నల్‌లో, ఎక్కువమంది వాడే ఎక్స్‌ట్ 4 ఫైల్ సిస్టమ్‌లోని డేటాను చెరపగల తప్పు దొరికింది. డిసెంబరు 9న విడుదల కావాల్సిన ఆ సంచికను నిలిపివేసి, ఎవరూ ప్రస్తుతానికి అప్‌డేట్ చేయవద్దని, ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకున్నవాళ్లు జాగ్రత్తపడాలని ప్రకటించారు. మర్నాడు, డిసెంబరు 10న, సరిచేసిన కెర్నల్‌తో నేరుగా 12.4 వచ్చింది. ఒక్క రోజు తేడా. స్థిరత్వానికి పెట్టింది పేరైన డెబియన్‌లో కూడా ఒక్క రోజు తొందర ఖరీదు అంతుంటుంది. బ్యాకప్ లేకుండా అప్‌డేట్ వేళల గురించి చర్చించడం దండగ అని నేను అనేది ఇందుకే.

ఆ తర్వాతి ఏడాది ఎక్స్‌జడ్. ఫైళ్లను కుదించే ఈ చిన్న లైబ్రరీ బాధ్యతల్లోకి ఒక మారుపేరు మనిషి మెల్లగా, ఓపికగా చేరి, 2024 ఫిబ్రవరి 24న వచ్చిన 5.6.0లో దొంగదారి పెట్టాడు. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని బయటపెట్టాడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజినీరు ఆయన. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతుండటం చూసి అనుమానించి తవ్వాడు. విడుదల నుంచి పట్టుబడేదాకా 34 రోజులు. ఈ 34 రోజుల్లో కొత్త సరుకు వెంటనే తీసుకునే డెబియన్ అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, కాలీ వంటి వాటిలోకి అది వెళ్లింది. డెబియన్ 12లో అప్పటికి 5.4.1 ఉంది కాబట్టి దాన్ని అది తాకనే లేదు.

ఇప్పుడు డర్టీ పైప్‌నూ ఎక్స్‌జడ్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ముందుగా తీసుకున్నవాళ్లకు ఒకచోట 12 రోజుల లాభం, ఇంకోచోట 34 రోజుల ముప్పు. ఒకే అలవాటు రెండు వ్యతిరేక ఫలితాలిచ్చినట్టు పైకి కనిపిస్తుంది. అసలు తేడా రోజుల్లో లేదు, వచ్చిన సరుకులో ఉంది. డర్టీ పైప్ సవరణ ఉన్న కోడ్‌లో ఒక తప్పును దిద్దింది. ఎక్స్‌జడ్ 5.6.0 కొత్త సంచిక, కొత్త కోడ్. “ఎన్ని రోజులకోసారి అప్‌డేట్ చేయాలి” అని అడిగితే జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. అప్‌డేట్ అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి. దిద్దుబాటును గంటల్లో తీసుకోవాలి. కొత్త సంచికను ఆగి తీసుకోవాలి.

పంచేవాళ్లే పాటించే గడువులు

ఈ విభజన నా సొంత కల్పన కాదు. డెబియన్, ఉబుంటు దీర్ఘకాల సంచికలు, రెడ్ హ్యాట్ పనిచేసే తీరే అది. 2024 జులై 1న ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో రెగ్రెషన్ అనే లోపాన్ని క్వాలిస్ సంస్థ ప్రకటించింది. 2006లో ఒకసారి దిద్దిన తప్పే పొరపాటున తిరిగొచ్చింది. ఇంటర్నెట్‌కు కనిపిస్తూ ఈ ముప్పు ఉండవచ్చనుకున్న సర్వర్లు 1.4 కోట్లకు పైగా. అసలు ప్రాజెక్టు దిద్దుబాటును 9.8 సంచికలో ఇచ్చింది. డెబియన్ మాత్రం తన 9.2నే ఉంచి, అందులో ఆ తప్పును మాత్రమే సరిచేసి అదే రోజు ఇచ్చింది. చివరన ‘డెబ్12యు3’ అన్న తోక మారింది, అంతే. మారింది కొన్ని లైన్లే కాబట్టి విరిగే అవకాశమూ తక్కువ. సంచిక నంబరు పాతదని చూసి “మీ సర్వర్‌కు ప్యాచ్ లేదు” అని ఆడిట్‌వాళ్లు రాసిస్తే చూపించాల్సింది ఆ తోకనే.

భద్రతకు సంబంధం లేని దిద్దుబాట్లను ఉబుంటు ఇంకో పద్ధతిలో పంచుతుంది. మొదట పదింట ఒక వంతు యంత్రాలకు ఇస్తుంది. ఫిర్యాదులు, క్రాష్ రిపోర్టులు పెరగకపోతే ప్రతి 6 గంటలకూ ఇంకో పదోవంతు కలుపుతుంది. నూటికి నూరు అవడానికి 54 గంటలు. ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు కొన్ని ప్యాకేజీలను ఆపి ఉంచామని కనిపిస్తే కంగారుపడి బలవంతంగా ఎక్కించకండి. చాలాసార్లు మీ వంతు ఇంకా రాకపోవడమే కారణం. భద్రతా సవరణలకు ఈ వరుస లేదు, అవి అందరికీ ఒకేసారి వస్తాయి. ఆ డేటాడాగ్ ఉదయం వచ్చింది భద్రతా సవరణే. అందుకే ఆ వరుస వాళ్లను కాపాడలేదు.

ఒక సంచిక నుంచి ఇంకో సంచికకు దూకే విషయంలో ఉబుంటు ఇంకా నెమ్మది. 24.04 వచ్చింది 2024 ఏప్రిల్ 25న. 22.04 వాడుతున్నవాళ్లకు “కొత్తది వచ్చింది, మారతారా” అన్న పిలుపు మాత్రం తొలి సవరణ సంచిక 24.04.1 వచ్చాకే. అది వచ్చింది ఆగస్టు 29న. 126 రోజుల విరామం. తయారు చేసినవాళ్లే తమ దీర్ఘకాల వాడకందారులను నాలుగు నెలలు ఆపుతుంటే, విడుదలైన రాత్రే దూకాల్సిన అవసరం మనకేముంది? పదిరోజుల్లో పరీక్షలున్న విద్యార్థి, నెలాఖరు లెక్కలున్న అకౌంటెంట్ అసలే దూకకూడదు.

ఆర్చ్ లాంటి ఎప్పటికప్పుడు కదిలే వాటిలో ఈ రెండు పనులనూ విడదీయలేం. దిద్దుబాటూ కొత్త కోడూ కలిసే వస్తాయి. అక్కడ జాగ్రత్త వేరు. వారానికోసారి, ఖాళీ ఉన్న రోజున, ముందు ఆర్చ్ వార్తల పేజీ చూసి, మొత్తం వ్యవస్థను ఒకేసారి అప్‌డేట్ చేయాలి. జాబితాను తాజా చేసి ఒక్క ప్యాకేజీనే ఎక్కించుకోవడం, అంటే సగం కొత్త సగం పాత, ఆర్చ్‌వాళ్లు ఒప్పుకోని పని. మూడు నెలలు వదిలేసి ఒక్కసారే వందల ప్యాకేజీలు ఎక్కిస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో పట్టుకోవడం కష్టం. 2022 ఆగస్టులో గ్రబ్ బూట్‌లోడర్ అప్‌డేట్ తర్వాత కొన్ని యంత్రాలు బూట్ కాలేదు. ఆగస్టు 30న ఆర్చ్ వార్తల్లో హెచ్చరిక వచ్చింది. దాన్ని చదివి, అందులో చెప్పిన రెండు ఆదేశాలు ఇచ్చినవాళ్లు గట్టెక్కారు. చదివే తీరిక లేనివాళ్లు ఆర్చ్‌ను పని యంత్రంలో పెట్టుకోకపోవడం మంచిది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

దిగింది, కానీ ఎక్కలేదు

అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది రీబూట్ గురించి. ప్యాకేజీ ఎక్కగానే డిస్క్ మీద కొత్త ఫైలు ఉంటుంది. మెమరీలో నడుస్తున్నది పాతదే. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు ఓపెన్ ఎస్ఎస్ఎల్ లైబ్రరీని మార్చేసి వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయనివాళ్లకు ఆ మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు. సర్వర్ పాత లైబ్రరీనే పట్టుకుని కూర్చుంటుంది. కెర్నల్ విషయంలో ఇది ఇంకా స్పష్టం. రీబూట్ చేసేదాకా కొత్త కెర్నల్ అంటూ ఏదీ నడవదు.

ఉబుంటు, డెబియన్ కుటుంబంలో నీడ్‌రీస్టార్ట్ అనే చిన్న సాధనం ఏ సేవలు ఇంకా పాత లైబ్రరీ మీద నడుస్తున్నాయో చెబుతుంది. ఉబుంటులో రీబూట్ అవసరమైతే /var/run డైరెక్టరీలో ‘రీబూట్ రిక్వైర్డ్’ అనే ఫైలు పుడుతుంది. ఆ ఫైలు వయసు ఎంతో చూడండి. నా దృష్టిలో ఒక సర్వర్ ఆరోగ్యానికి అన్నిటికన్నా నిజాయితీ గల కొలత అదే. ఏడు రోజులు దాటి ఉంటే అప్‌డేట్ల సంఖ్య ఎంత బాగున్నా లాభం లేదు. 400 రోజులుగా ఆపకుండా నడుస్తోందని గొప్పగా చూపించే సర్వర్, రీబూట్ లేకుండానే కెర్నల్‌ను సరిచేసే లైవ్‌ప్యాచ్ లాంటి ఏర్పాటు లేకపోతే, 400 రోజుల నాటి కెర్నల్ మీద నడుస్తోందని అర్థం.

ఇంట్లో వాడేవాళ్లకు నేను చెప్పేది ఇది. భద్రతా సవరణలు రోజూ ఆటోమేటిక్‌గా పడనివ్వండి. ఉబుంటు ఆ ఏర్పాటును ముందే పెట్టి ఇస్తుంది. మిగతావి వారానికోసారి మీరే కూర్చుని వేయండి, వేసి రీబూట్ చేయండి. మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టర్ మీద ఉందో లేదో చూసుకోండి. సగంలో కరెంటు పోతే చాలాసార్లు డీపీకేజీ కాన్ఫిగర్ ఆదేశంతో మిగిలింది పూర్తి చేయవచ్చు గానీ, కెర్నల్ ఎక్కుతున్న నిమిషంలో పోతే తలనొప్పే. పాత కెర్నల్‌ను తీసేయకండి. ఫెడోరా మామూలుగా మూడు కెర్నళ్లు ఉంచుతుంది. కొత్తదానితో లేవకపోతే గ్రబ్ మెనూలో పాతది ఎంచుకుని లేవవచ్చు. లినక్స్ మింట్‌లో టైమ్‌షిఫ్ట్, ఓపెన్‌సూసేలో స్నాపర్ అప్‌డేట్‌కు ముందున్న స్థితిని భద్రపరుస్తాయి. అవి వ్యవస్థకు బ్యాకప్పే గానీ మీ ఫొటోలకు కాదు. వాటికి వేరే డిస్క్ కావాలి.

అవును అని కొట్టే ముందు ఆప్ట్ చూపించే సారాంశం లైను చదవండి. ఎన్ని కొత్తవి, ఎన్ని మారతాయి, ఎన్ని పోతాయి అని మూడు నాలుగు అంకెలుంటాయి. చూడాల్సింది ‘పోతాయి’ అన్న అంకె. మామూలు అప్‌గ్రేడ్‌లో అది సున్నా ఉండాలి. 2021 నవంబరులో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ అనే గేమ్ల యాప్ పెట్టబోయి తన డెస్క్‌టాప్‌నంతా పోగొట్టుకున్నది పోయేవాటి జాబితాను దాటేయడం వల్లే. ప్యాకేజీలో తప్పు ఉన్న మాట నిజం, దాన్ని త్వరగానే సరిచేశారు కూడా. కానీ ఏమేం తీసేయబోతోందో ఆప్ట్ ముందే చెప్పింది. నిజంగా కావాలంటే ఒక పూర్తి వాక్యం టైప్ చేయమని అడిగింది కూడా. ఆయన టైప్ చేశాడు. అంతమంది చూశాక ఆప్ట్ తయారీదారులు అలా టైప్ చేసి దాటిపోయే దారినే మూసేశారు.

పది సర్వర్లున్న చిన్న కంపెనీకి డేటాడాగ్ అంత యంత్రాంగం అక్కర్లేదు. ఒక సర్వర్‌ను ముందు వరుసలో పెట్టండి, దానికి అన్నీ రోజూ ఆటోమేటిక్‌గా పడనివ్వండి. అది 24 గంటలు బాగుంటే మూడింటికి వేయండి. ఇంకో రోజు చూసి మిగిలిన ఆరింటికీ వేయండి. 72 గంటల్లో అంతా అయిపోతుంది. మాండియంట్ చెప్పిన ఐదు రోజుల సగటు కన్నా రెండు రోజులు ముందే ఉంటారు. పది యంత్రాలూ ఒకేసారి పడిపోయే ప్రమాదమూ తప్పుతుంది. ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న సేవలో, ఎస్ఎస్‌హెచ్ లాంటి దానిలో, పెద్ద లోపం వస్తే మాత్రం ఈ వరుసను ఒక పూటకు కుదించండి. అమెరికా ప్రభుత్వ సంస్థలకు అక్కడి సైబర్ భద్రతా విభాగం 2021 నవంబరులో పెట్టిన గడువు, దాడులకు వాడుతున్నట్టు రుజువైన కొత్త లోపాలకు, రెండు వారాలు. అది గరిష్ఠ పరిమితి, దాన్ని లక్ష్యంగా పెట్టుకోకూడదు. మన దేశంలో సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో నివేదించాలి, 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి. ప్యాచ్ ఆలస్యం చేసి దాడికి గురైన చిన్న కంపెనీకి ఆ 6 గంటలు ఎలా గడుస్తాయో ఒకసారి ఊహించుకోండి.

ఆటోమేటిక్ అని పెట్టి మరిచిపోవడం కూడా కుదరదు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10లో, ఎప్పటినుంచో ఉన్న చిన్న ఆదేశాలను రస్ట్ భాషలో తిరగరాసినవాటితో మార్చారు. వాటిలో తేదీ చూపించే ఆదేశంలో ఒక తప్పు దొర్లింది. ఫైలు ఎప్పుడు మారిందని అడిగితే అది సరైన జవాబివ్వలేదు. దాంతో కొన్ని యంత్రాల్లో ఆటోమేటిక్‌గా కొత్త అప్‌డేట్ల కోసం వెతకడమే ఆగిపోయింది. తెర మీద ఎర్ర గుర్తేమీ రాలేదు, సెట్టింగ్ ఆన్ అనే చూపించింది. ఆ తప్పును దిద్దే ప్యాకేజీని మనిషి చేత్తో వేసుకోవాల్సి వచ్చింది. ఎక్విఫాక్స్ స్కాన్‌లాగే ఇక్కడా యంత్రం అంతా సవ్యమేనంది. అందుకే నెలకోసారి లాగ్ డైరెక్టరీలో అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఫోల్డర్ తెరిచి, చివరి తేదీ ఎంతో మీ కళ్లతో చూడండి. అర నిమిషం పని.

చివరగా మీ సంచికకు ఇంకా సవరణలు వస్తున్నాయో లేదో చూసుకోండి. రాని వాటిని రోజూ అప్‌డేట్ చేసినా పడేది సున్నా. ఆ సున్నా చూసి అంతా బాగుందనుకునేవాళ్లు చాలామంది. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో సవరణలు ఆగిపోయాయి. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025 మే 31తో ముగిసింది. డెబియన్ 11కు 2026 ఆగస్టు 31 ఆఖరు, డెబియన్ 12కు 2028 జూన్ 30. ఫెడోరా సంచిక ఏదైనా సుమారు 13 నెలలే. మీ ఇంట్లోనో ఆఫీసులోనో 20.04 ఇంకా నడుస్తుంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఉబుంటు ప్రో ఖాతా తెరవడం. ఒక్కొక్కరికి 5 యంత్రాల దాకా అది ఉచితం, మామూలు మద్దతు ముగిశాక ఐదేళ్ల పాటు సవరణలు వస్తాయి. రెండోది, బ్యాకప్ తీసుకుని 22.04కు, అక్కడి నుంచి 24.04కు మారడం. తీరిక లేకపోతే మొదటి దారి ఈరోజే పట్టండి, రెండోదానికి ఈ నెలలోనే ఒక ఆదివారం కేటాయించండి.